చాప మీది పాఠాలు – 5: "ఇంకా గట్టిగా" అనడం మానేయండి

ఈ వారం థాయ్ మర్దనలో తొడ, తుంటి నొక్కే వరుస మొదలుపెట్టాలి. పెట్టడం లేదు. పాదం నుంచి పిక్క వరకు ఉన్న వరుసను ఇంట్లో ఎవరికైనా నేర్పమని గత పాఠంలో చెప్పాను కదా, ఆ తరువాత మీరు రాసిన ఉత్తరాలు చదివాక ముందుకు వెళ్లబుద్ధి కాలేదు. నేర్చుకున్నవారి బొటనవేళ్లు నొప్పి పుట్టాయని కొందరు రాశారు. చేయించుకున్నవారు కాలు లాగేసుకున్నారని ఇంకొందరు. ఎక్కువమంది రాసింది మాత్రం ఇది: "నేను చేస్తే బాగానే ఉంటుంది, చెప్పబోతే మాటలు దొరకవు. పైగా నేర్పిన మర్నాటి నుంచి నా చేయి కూడా తడబడుతోంది."

తడబడనివ్వండి, మంచిదే. ఏళ్లుగా మర్దన చేస్తున్న చేతిలో చోటు, కోణం, బరువు, సమయం అన్నీ కలిసిపోయి ఉంటాయి. నేర్పాలంటే వాటిని విడదీయక తప్పదు. విడదీసినప్పుడే వాటిలో ఏది బలహీనంగా ఉందో తెలుస్తుంది. ఒకరి చెల్లెలు నొక్కిన ప్రతిసారీ ఊపిరి బిగబట్టిందట. "అలా చేయమని నేను చెప్పలేదు" అని అక్కగారు రాశారు. చెప్పి ఉండరు, చేసి చూపించి ఉంటారు. నేర్చుకునేవారు మన మాటల కంటే మన ఒంటినే ఎక్కువగా అనుకరిస్తారు. మీ దగ్గర నేర్చుకుంటున్న మనిషి భుజాలు, దవడ, ఊపిరి చూడండి. అక్కడ కనిపించే బిగువు మీ పనిలోనూ ఉందేమో వెతకండి. చాలాసార్లు దొరుకుతుంది.

థాయ్ మర్దనలో ఇలా ఒంటి నుంచి ఒంటికి నేర్పడం పాత పద్ధతే. బ్యాంకాక్‌లోని వాట్ ఫో ఆలయంలో థాయ్ రాజు మూడవ రామ కాలంలో, 1830లలో, వైద్య విషయాలను రాతి ఫలకాల మీద చెక్కించారు. వాటిలో మర్దనకు సంబంధించినవి 60 మానవాకృతులు. వాటి మీద 'సెన్' గీతలు (ఒంట్లో శక్తి నడుస్తుందని థాయ్ వైద్యం చెప్పే దారులు), బిందువులు, ఏ బిందువు ఏ బాధకు పనికివస్తుందో చెప్పే రాతలు ఉన్నాయి. చోటు వరకు రాయి చెబుతుంది. బరువు మాత్రం ఒక చేతి నుంచి మరో చేతికి అందాలి. అదే ఆలయానికి చెందిన పాఠశాలలో సాధారణ మర్దన కోర్సు 30 గంటలు. అందులో విద్యార్థులు జంటలుగా కూర్చుని ఒకరి మీద ఒకరు సాధన చేస్తారు. చేయించుకునే సమయం కూడా చదువులో భాగమే.

కాబట్టి ఈ వారం మీరు చాప మీద పడుకోవాలి. గోళ్లు, వదులు బట్టలు, భోజనం తరువాత వ్యవధి గురించి మళ్లీ చెప్పను. పక్కన కూర్చుని వేలు పెట్టి చూపించడం ఆపి, మీ కాలిని వారి చేతికి ఇవ్వండి. కంటికి ఎంతో చక్కగా కనిపించిన ఒత్తు కాలికి సూదిలా తగలవచ్చు. చూడటానికి అందంగా లేనిది హాయిగా ఉండవచ్చు. పక్కన కూర్చుంటే ఈ తేడా ఎప్పటికీ తెలియదు.

ఇక నన్ను నిజంగా బాధపెట్టే విషయం. దాదాపు ప్రతి ఉత్తరంలోనూ ఈ వాక్యం ఉంది: "ఇంకా గట్టిగా నొక్కమని చెప్పాను." దయచేసి ఈ మాట మానేయండి.

గట్టిగా అనగానే కొత్తవారి ఒంట్లో ఏం జరుగుతుందో వరుసగా చూడండి. మోచేయి వంగుతుంది. భుజం చెవి వైపు లేస్తుంది. బొటనవేలి చివరి కణుపు వెనక్కి విరుగుతుంది, వేలి మెత్తకు బదులు కొన తగులుతుంది. పడుకున్న మనిషి పిక్క ఆ కొనను తట్టుకోవడానికి బిగుసుకుంటుంది. పిక్క గట్టిగా ఉందని నేర్చుకునేవారు ఇంకా బలం పెడతారు, పిక్క ఇంకా బిగుస్తుంది. వేలు నొప్పి, కాలు లాక్కోవడం, రెండూ పుట్టింది ఇక్కడే. మీరు రాసిన రెండు ఫిర్యాదులకూ కారణం ఆ ఒక్క మాట.

బరువైన బీరువాను జరిపేటప్పుడు ఎవరూ మణికట్టుతో నెట్టరు. చేతులు చాచి, కాళ్లు తన్నిపట్టి, ఒంటిని వాలుస్తారు. ఇక్కడ కావలసింది ఆ వాలడమే. మోకాళ్లు మనిషికి దగ్గరగా జరపాలి. మోచేతులు చాచి ఉంచాలి. బొటనవేలు నిటారుగా ఉండాలి, మిగతా నాలుగు వేళ్లు పిక్క చుట్టూ పరచుకుని దానికి ఆసరా ఇవ్వాలి. తరువాత నడుము ముందుకు వస్తుంది. బరువు మెల్లగా దిగుతుంది, ఆగుతుంది, అంతే మెల్లగా లేస్తుంది. లేవడంలో తొందరపడేవారు చాలామంది. చటుక్కున వదిలితే అంతవరకు చేసిన ఒత్తు వృథా.

మీరు పలకాల్సిన మాటలు ఇవి: "నడుము ముందుకు", "మోచేయి చాపు", "అక్కడే ఉండు", "నెమ్మదిగా వదులు". ఒక్కో విడతకు ఒక్కటే చెప్పండి. నాలుగూ ఒకేసారి చెబితే ఒక్కటీ అందదు.

అందుకే కొత్తవారికి నేను థాయ్ మర్దనలోని రెండు పద్ధతుల్లో రాజాస్థాన పద్ధతితో, అంటే రాజకుటుంబానికి చేసే తీరుతో, మొదలుపెడతాను. అందులో చేతులు చాచి బొటనవేళ్లతో, అరచేతులతో పని. మోచేతులు, మోకాళ్లు, పాదాలు వాడరు. రెండోదైన జనసామాన్య పద్ధతిలో, అంటే మామూలు జనం చేసుకునే తీరులో, అవన్నీ ఉంటాయి, చూడటానికి ఆకర్షణగా కూడా ఉంటుంది. కానీ వాలడం రాని మనిషి చేతికి మోచేతి ఒత్తు నేర్పితే వాలడం ఇక ఎప్పటికీ రాదు. ఇది నా అభిప్రాయమే, అయినా ఈ పాఠాల్లో ఇలాగే సాగుతాం.

ఈ సంగతి మీ వృత్తిలోకి ఎలా వస్తుందో చూడండి. వ్యాయామశాలకు వెళ్లే కుర్రవాడు "ఇంకా గట్టిగా" అంటాడు. ఇదివరకు మీరు బలం పెంచేవారు. ఇప్పుడు అదే బరువుతో రెండు ఊపిరులు ఎక్కువ ఆగి చూడండి. చాలాసార్లు అతను అడిగినది అదే. రోజంతా వంటింట్లో నిలబడే ఆవిడ పిక్క తాకగానే నొప్పి అంటారు, అక్కడ వేలు అసలు వద్దు, అరచేయి చాలు. పెద్దవారు ఏమీ అనరు. "పరవాలేదమ్మా, చెయ్యి" అంటారు. వారి కాలివేళ్లు ముడుచుకుంటున్నాయేమో చూడండి, ఊపిరి ఆగిందేమో వినండి. నేర్పడం వల్ల నా పనిలో వచ్చిన పెద్ద మార్పు ఇదే: నొక్కే చోట్లు తగ్గాయి, ఒక్కో చోట ఆగడం పెరిగింది.

యోగా చేసేవారికి నేర్పితే మరో ప్రశ్న వస్తుంది: ఇత్తా, పింకళా, సుమనా అనే సెన్ గీతలు మన యోగాలో చెప్పే ఇడ, పింగళ, సుషుమ్న నాడులేనా? పేర్లలో బంధుత్వం ఉంది, దారి మాత్రం వేరు. థాయ్ పటంలో ఇత్తా ఎడమ తొడలోకి కూడా దిగుతుంది. యోగా పటం పట్టుకుని కాలి గీతలు వెతకవద్దు.

నేర్పకూడనివి కూడా ఉన్నాయి. మోకాలి వెనుక గుంటలో బొటనవేలు వద్దు. ఉబ్బిన సిరల మీద ఒత్తు వద్దు. ఒక పిక్క మాత్రమే వాచి, వేడిగా, నొప్పిగా ఉంటే లోపల రక్తం గడ్డకట్టి ఉండవచ్చు. ఆ కాలిని ముట్టుకోకుండా వెంటనే డాక్టరు దగ్గరకు పంపండి. జ్వరం ఉన్నరోజు మర్దన లేదు. గర్భిణులకు ఈ వరుస చేయవద్దు. గజ్జలో నాడి కొట్టుకునే రక్తనాళం మీద నొక్కి పట్టి వదిలే పద్ధతిని చాలామంది అడిగారు. రక్తపోటు, గుండె జబ్బు ఉన్నవారికి అది ప్రమాదం. ఎదురుగా గురువు లేకుండా నేర్చుకునేవారికి నేను దాన్ని నేర్పను.

సాధన. మనుషులు ఎక్కి బరువు చూసుకునే యంత్రాన్ని నేల మీద పెట్టి, ముందు మోకాళ్ల మీద కూర్చోండి. రెండు బొటనవేళ్లతో, చేతుల బలంతో 6 కిలోల వరకు నొక్కి మూడు ఊపిరులు ఆగండి. ముల్లు వణకడం గమనించండి. ఇప్పుడు మోచేతులు చాచి, నడుము ముందుకు తెచ్చి అదే 6 కిలోలు. ముల్లు కదలకుండా నిలిచే వరకు చేయండి, వేళ్లు నొప్పి పుడితే ఆ పూటకు ఆపండి. మీకు వచ్చాక, నేర్చుకునేవారి చేత చేయించండి.

తరువాత అదే పిక్క వరుసను ముగ్గురికి నేర్పండి: మీకంటే బరువైనవారు ఒకరు, సన్నటివారు ఒకరు, ఎడమచేతి వాటం వారు ఒకరు. ముగ్గురి చేతికీ మీ కాలే ఇవ్వాలి. లేచిన వెంటనే, ఎవరితోనూ మాట్లాడకముందే, మూడు విషయాలు రాసుకోండి: బరువు ఎక్కడ ఆగింది, ఎక్కడ జారింది, వదిలేటప్పుడు ఎలా ఉంది. ముగ్గురి కాగితాల్లోనూ ఒకే లోపం కనిపిస్తే అది వారిది కాదు, మీ చేతిది. దాన్ని సరిచేసుకుని, ఆ ముగ్గురికీ మళ్లీ నేర్పి, ఆ తరువాతే తొడ వరుస తెరవండి.