సెల్లార్ తవ్వకముందే గోడ ఎంత కదులుతుందో రాసిపెట్టుకోండి

కర్నూలులో సెల్లార్లు తవ్వించే ఇంజనీరుని. తవ్వకం మొదలవకముందే, గోతి పక్క మట్టిని ఆపే గోడ ఎన్ని మిల్లీమీటర్లు కదలొచ్చో లెక్కేసి పుస్తకంలో రాసుకుంటాను. ఆ అంకె లేకుండా రోజూ కొలిచినా, 8 మిల్లీమీటర్లు వచ్చిందంటే భయపడాలో వద్దో తెలియదు.

ముందు మట్టి. రాయి తగిలితే సరే, లేకపోతే పరీక్ష బోరు గోతికి రెట్టింపు లోతు పోవాలి. అందులో చిల్లుల పైపు దింపి ఉంచండి. కేసీ కాలువ పారేటప్పుడు, హంద్రీకి నీళ్లొచ్చినప్పుడు నీటిమట్టం మళ్లీ చూడాలి.

6 మీటర్ల గొయ్యి, గరుసు నేల అనుకుందాం. ఘర్షణ కోణం (మట్టి రేణువులు జారకుండా ఒకదాన్నొకటి ఎంత పట్టుకుంటాయో చెప్పే కొలత) 30 డిగ్రీలైతే పైనున్న మట్టి బరువులో మూడో వంతు పక్కకు తోస్తుంది. ఘనపు మీటరు 1.8 టన్నుల చొప్పున, అడుగున చదరపు మీటరుకు 3.6 టన్నులు. గోడ వెనక పైదాకా నీళ్లు నిలిస్తే, నీళ్లలో మట్టి బరువు తగ్గి దాని తోపు 2 టన్నులకు తగ్గుతుంది, కానీ నీటి తోపు 6 టన్నులు కలుస్తుంది. మొత్తం 8. అందుకే గోడకు నీళ్లు పోయే పైపులు పెట్టించండి. వాటిలోంచి బురద నీళ్లొస్తే వెనక మట్టి కొట్టుకుపోతున్నట్టే.

నల్లరేగడికి ఈ లెక్క సరిపోదు. ఏప్రిల్‌లో నిట్టనిలువుగా కోసినా నిలబడుతుంది. "రాయి మాదిరుంది సార్" అని మేస్త్రీ అంటే నమ్మి, ఒక సైటులో గోడ లేకుండా రెండు వారాలు వదిలేశాను. తొలివానకు నెర్రెల్లో నీళ్లు దిగాయి. రెండు మీటర్ల నెర్రె నిండితే దాని అడుగున చదరపు మీటరుకు 2 టన్నుల తోపు. పైగా మట్టి ఉబ్బి మెత్తబడింది. అంచుకు మీటరున్నర వెనక నెర్రె వెంబడి విరిగి, మట్టిపెళ్ల మొత్తం గోతిలో పడింది. రాత్రి కాబట్టి లోపల మనుషులు లేరు. ఇప్పటికీ మబ్బు పడితే నాకు టెన్షనే. నెర్రెలు పూడ్చి, టార్పాలిన్ కప్పి, వాననీళ్లు అటు రాకుండా కట్ట వేయండి. తవ్విన మట్టి అంచుకు 3 మీటర్ల అవతల పోయించండి.

ఇక కదలిక. గట్టి నేలల్లో గోడలు సగటున లోతులో 0.2 శాతం కదులుతాయని 1990లో క్లఫ్, ఓరూర్క్ అనే ఇంజనీర్లు చూపించారు. మన గోతికి 12 మిల్లీమీటర్లు. 8 దాటితే తవ్వకం ఆపి కారణం వెతుకుతాను. 12కి చేరితే గోడ అడుగున మట్టి తిరిగి పోయిస్తాను. అడ్డు స్ట్రట్లు (గోడ లోపలికి రాకుండా ఆనించే దూలాలు) లేని గోడ పైన వాలుతుంది, ఉన్న గోడ నడుమ ఉబ్బుతుంది. అందుకే గోడ మీద కొలిచే గుర్తులు మూడు ఎత్తుల్లో పెట్టండి.

12 మీటర్ల దూరం దాకా పక్క ఇళ్లన్నీ చూడండి. పాత మట్టి మిద్దెల పునాదులు లోతు ఉండవు. ఉన్న పగుళ్ల మీద గాజుముక్క సిమెంటుతో అతికిస్తే, పగులు పెరిగిన రోజే అది విరుగుతుంది.

ఒక సైటులో పక్కింటి అవ్వ వచ్చి, "నాయనా, నిన్నటి నుంచి తలుపు పట్టుకుంటాంది" అంది. పై గుర్తు దగ్గర 4 మిల్లీమీటర్లే. నడిమి గుర్తును వారానికోసారే చూస్తున్నాను. వెంటనే కొలిస్తే 9. ఆ సాయంత్రమే రెండో వరస స్ట్రట్లు బిగించాం. నడిమి గుర్తును అప్పట్నుంచి రోజూ పొద్దున, సాయంత్రం కొలుస్తున్నాను.