బతుకమ్మ పూలకు పిల్లల్ని చేలల్లోకి తీసుకెళ్లేటప్పుడు

ఏటా దసరా సెలవులు ఇచ్చే ముందు మా బడిలో బతుకమ్మ ఆడతాం. పూలు కొనం. మూడు, నాలుగు, ఐదు తరగతుల పిల్లలే చేల గట్లకు వెళ్లి తంగేడు, గునుగు, కట్ల పూలు తెస్తారు. నేను తెలంగాణలో ఒక ప్రభుత్వ ప్రాథమిక పాఠశాల టీచర్ని. పంతొమ్మిదేళ్ల సర్వీసు. పిల్లల్ని బయటికి తీసుకెళ్తానంటే కొత్త టీచర్లైనా, అమ్మానాన్నలైనా ముందు అడిగేది ఒకటే: "ఏమన్నా అయితే?" అడగాల్సిన ప్రశ్నే అది. నేను ఏం చేస్తానో వివరంగా రాస్తున్నాను. పూలకే కాదు, చేనుకు, గుట్టకు, ఒర్రెకు (చిన్న వాగుకు) ఎక్కడికి తీసుకెళ్లినా నాది ఇదే పద్ధతి.

సర్వీసులో చేరిన కొత్తలో నేను పిల్లల్ని గేటు దాటనిచ్చేదాన్ని కాదు. అప్పుడు వేరే ఊళ్లో ఉన్నాను. చెట్టెక్కొద్దు, చెరువు దగ్గరికి పోవద్దు, కొడవలి ముట్టుకోవద్దు అని రోజూ చెప్పేదాన్ని. పిల్లలు బుద్ధిగా తలూపేవాళ్లు. ఒక ఆదివారం ముగ్గురు ఆడపిల్లలు ఇంట్లో చెప్పకుండా తామర పూలకు చెరువుకు పోయారు. అంతకు ముందు ఏడు అక్కడ మోకాలి లోతే ఉంది. ఆ ఎండాకాలంలో జేసీబీతో మట్టి తీశారు. వానలకు గుంట నిండాక పైకి చెరువంతా ఒకేలా కనిపించింది. ముందు నడుస్తున్న పిల్ల మూడో అడుగుకు మునిగిపోయింది. కేక కూడా వినపడలేదట. గట్టున గేదెలు కాస్తున్న తాత తలపాగా విప్పి విసిరి లాగాడు కాబట్టి బతికింది.

"నేను వద్దనే చెప్పాను కదా" అని సర్దిచెప్పుకుందామనుకున్నాను, నా మనసు ఒప్పుకోలేదు. వద్దని చెప్పడం తప్ప ఆ పిల్లలకు నేను ఏమీ నేర్పలేదు. అడుగు ఎలా చూసుకోవాలో, ఎక్కడ ఆగాలో, ఎవరైనా మునుగుతుంటే ఏం విసరాలో, ఒక్కటీ నేర్పలేదు.

అప్పటి నుంచి ప్రమాదాలను రెండుగా విడదీసి చూస్తున్నాను. పిల్లల కంటికి ఆనేవి, ఆననివి. చెట్టు ఎత్తు కంటికి ఆనుతుంది. కొడవలి పదును ఆనుతుంది. ఒర్రెలో నీళ్ల జోరు కాలికి తెలుస్తుంది. వీటిని పిల్లలు తమంతట తాము తూచుకోగలరు, తూచుకుంటేనే నేర్చుకుంటారు. చెరువులో మట్టి తీసిన గుంట కంటికి ఆనదు. నిన్న మందు కొట్టిన చేను, గడ్డిలో దాగిన కరెంటు తీగ, లోపల పుచ్చిపోయిన కొమ్మ కూడా అంతే. ఆననివాటిని వెతికి తప్పించడం పెద్దవాళ్ల పని, ఆనేవాటిని మాత్రం పిల్లల చేతికి వదలాలి. కెనడా పిల్లల వైద్యుల సంఘం 2024లో ఇలాంటి మాటే చెప్పింది: పిల్లల ఆటకు అవసరమైనంత భద్రత చాలు, వీలైనంత భద్రత అంటూ కట్టేయొద్దని.

ముందు రోజు నేను ఒక్కదాన్నే తిరిగేది

పిల్లలతో వెళ్లే దారిలో ముందు రోజు సాయంత్రం నేను నడుస్తాను. దారి తెలిసిందే కదా అని ఏ ఏడూ మానను. ఊళ్లో ప్రతి ఏడాదీ ఏదో ఒకటి మారుతుంది.

మొదట రైతుల్ని అడుగుతాను. గునుగు ఎక్కువగా ఉండేది పత్తి, కంది చేలలో. "అన్నా, మందు ఎప్పుడు కొట్టిన్రు?" అని అడగందే ఏ చేనులోకీ పిల్లల్ని దింపను. వారం లోపు కొట్టిన చేనైతే ఆ చేనే వదిలేస్తాను. ఇంకో మాట కూడా మొహమాటం లేకుండా అడుగుతాను: అడవి పందులకని ఎక్కడైనా కరెంటు తీగ పెట్టారా అని. పెట్టినవాళ్లు ఒప్పుకోరు. పక్క చేను వాళ్లు చెబుతారు. అనుమానం ఉంటే ఆ దిక్కుకే పోము. మోటర్ల దగ్గర వేలాడే వైర్లు, స్టార్టర్ డబ్బాలు ఎక్కడున్నాయో కూడా అప్పుడే గుర్తుపెట్టుకుంటాను.

తర్వాత నీళ్లు. చుట్టుగోడ లేని బావులకు అంచు వరకూ గడ్డి కమ్ముకుంటుంది, ఎక్కడ నేల అయిపోయి బావి మొదలవుతుందో తెలియదు. చేలల్లో నీళ్లు నిలవ చేసుకునే గుంట, ఫాం పాండ్, ఇంకా మోసం. అందులో పరిచిన నల్ల షీటు తడిస్తే ఈత వచ్చిన పెద్దవాళ్లు కూడా పైకి ఎక్కలేరు. పాడుబడ్డ బోర్లు ఉంటే కేసింగ్ పైపుకు మూత ఉందో లేదో చూస్తాను. మూసేయాలని సుప్రీంకోర్టు 2010లోనే మార్గదర్శకాలు ఇచ్చింది, అయినా మా ఊళ్లో రెండు బోర్లకు నేనే పంచాయతీతో మాట్లాడి మూతలు వేయించాల్సి వచ్చింది.

వీటన్నిటినీ బడి నల్లబల్ల మీద పటంగా గీస్తాను. పోకూడని చోటుకు ఎర్ర సుద్దతో గీత. ఎందుకు పోకూడదో కారణం కూడా రాస్తాను. కారణం తెలిసిన పిల్లలు నేను లేనప్పుడు కూడా ఆ గీత దాటరు.

చెట్టు

గట్ల మీద సీతాఫలాలు పండే రోజులవి. పూలకని తీసుకెళ్లి చెట్టు ఎక్కొద్దంటే పిల్లల ప్రాణం ఒప్పుకోదు. ఎక్కనిస్తాను. అయితే పది రోజుల ముందు నుంచే బడి ఆవరణలోని చింతచెట్టు మీద కోతికొమ్మచ్చి ఆడిస్తాను. చెట్టు కింద రాళ్లు, సీసా పెంకులు ఏరి, రెండు బండ్ల ఇసుక పోయించాం.

నేర్పేది నాలుగు సంగతులు. రెండు చేతులు, రెండు కాళ్లలో మూడు ఎప్పుడూ కొమ్మ మీదే ఉండాలి, కదిలేది ఒక్కటే. ఆకు లేని కొమ్మను, బెరడు ఊడిన కొమ్మను నమ్మొద్దు, బరువు వేసే ముందు చేత్తో గుంజి చూడాలి. మునగ, నేరేడు ఎక్కొద్దు, వాటి కొమ్మ చెప్పకుండా విరుగుతుంది. మునగచెట్టు ఎక్కించడం అనే మాట ఎలా వచ్చిందో పిల్లలకు అప్పుడే చెబుతాను, చప్పున పట్టుకుంటారు. నాలుగోది, చున్నీ, మెడలో ఐడీ కార్డు తాడు తీసేయాలి. ఈ ఒక్క దాంట్లో మాత్రం బతిమాలడం, బేరం ఏవీ ఉండవు. చున్నీ కొమ్మకు చిక్కుకుంటే మెడకు ఉరి పడుతుంది.

నాకు నేను పెట్టుకున్న నియమం ఇంకొకటి ఉంది. ఏ పిల్లనూ ఎత్తి చెట్టు మీద కూర్చోబెట్టను. తన బలంతో ఎక్కలేని ఎత్తు నుంచి తన బలంతో దిగలేరు. మూడో తరగతి వాళ్లకు నేను చెయ్యెత్తితే పాదం అందేంత ఎత్తు, ఐదో తరగతి వాళ్లకు దానిపైన ఇంకో కొమ్మ. వాన పడి బెరడు తడిస్తే ఆ రోజు చెట్టు లేదు.

కింద నుంచి "పడతావ్, పడతావ్" అని అరవొద్దు. అమ్మలకు ఇది చెప్పి ఒప్పించడానికి నాకు చాలాసార్లు పట్టింది. అరుపు వినగానే పిల్ల కిందకి చూస్తుంది, పట్టు వదులవుతుంది. కిందటేడు నాలుగో తరగతి అబ్బాయి ఒకడు చింతచెట్టు మీద బిగుసుకుపోయాడు.

"టీచర్, నన్ను దించుండ్రి!"

"నేను కిందనే ఉన్న బిడ్డా. కుడికాలు కింద కొమ్మ ఉంది, కనపడుతుందా?"

"లేదు."

"అయితే కాలితో వెతుకు. తొందరేం లేదు."

వాడి కాలి వేళ్లు గాలిలో తడుముకున్నాయి. ఒకసారి ఆకు తగిలింది, ఒకసారి ఏమీ తగల్లేదు. మూడోసారి కొమ్మ దొరికింది. చేతులు వణుకుతూనే బరువు ఆ కాలి మీదికి దించాడు. కిందికి రావడానికి ఐదు నిమిషాలు పట్టింది. నేను నిచ్చెన వేసి ఉంటే అర నిమిషం. మర్నాడు వాడు సగం ఎత్తే ఎక్కి ఆగాడు, ఎవరూ ఆగమనలేదు. తన కొలత తనకు దొరికింది.

కొడవలి

తంగేడు చేత్తో విరుగుతుంది. గునుగు గుంజితే వేళ్లతో సహా వస్తుంది, మట్టంతా పూల మీద పడుతుంది. అందుకే కొడవలి కావాలి. ఐదో తరగతి పిల్లలకే ఇస్తాను, మొత్తం మీద మూడే కొడవళ్లు, ఒక్కో కొడవలి పక్కన ఒక పెద్ద మనిషి. బాగా పదును పెట్టించి తీసుకెళ్తాను. మొండి కొడవలైతే పిల్లలు బలం పెట్టి గుంజుతారు, అది జారి కాలికి తగులుతుంది.

ముందు కొడవలి పట్టుకోకుండా చెయ్యి చాపి చుట్టూ తిరగమంటాను. ఆ చేతికి ఎవరూ తగలకూడదు. తర్వాత గొంతుక్కూర్చుని, ఎడమ పిడికిట్లో నాలుగైదు మొక్కలు పట్టుకుని, పిడికిలికి జానెడు కింద కొడవలి ఆనించి, తన కాలి మీదికి కాకుండా కుడి పక్కకు లాగాలి. కోశాక కొడవలిని నేల మీద పడేయొద్దు, గడ్డిలో కనపడదు. పక్కనున్న పెద్దవాళ్ల చేతికి పిడి వైపు నుంచి ఇవ్వాలి. పరుగు అసలు కూడదు. ఇన్నేళ్లలో రెండుసార్లు వేళ్లు తెగాయి. రెండుసార్లూ సబ్బు నీళ్లతో కడిగి, గుడ్డ ఒత్తి పట్టుకుని, దవాఖానలో టీటీ ఇంజెక్షన్ వేయించాం. ఆ ఇద్దరూ కట్టు విప్పాక మళ్లీ కొడవలి అడిగారు, ఇచ్చాను.

నీళ్లు, పాములు, ఉరుము

తామర, కలువ పూలు మాకు వద్దు. వాటికి పిల్లలు నీళ్లలోకి దిగాలి, వాటి కాడలు కాళ్లకు చుట్టుకుంటాయి. చెరువు గట్టు దాకా మాత్రం తీసుకెళ్లి, తాడు విసరడం ఆడిస్తాను. ఒకరు గట్టు మీద కూర్చుని మునిగినవాళ్లలా చేతులు చాపుతారు, మిగతావాళ్లు తాడు, చున్నీ, కర్ర, ఖాళీ ప్లాస్టిక్ బిందె అందించాలి. దూకకూడదు, కేకేసి పెద్దవాళ్లను పిలవాలి, ఏదో ఒకటి విసరాలి. మునిగే మనిషి అరవలేరని, చప్పుడు లేకుండా పోతారని కూడా చెబుతాను. పెద్దవాళ్లు తెలుసుకోవాల్సింది ఒకటుంది: బయటికి తీసిన పిల్లను తలకిందులు చేసి తిప్పొద్దు, పొట్ట నొక్కొద్దు. ఊపిరి లేకపోతే ముందు నోటితో ఊపిరి ఊది, తర్వాత ఛాతీ నొక్కాలి.

ఒర్రెలో మాత్రం దింపుతాను. చీలమండ లోతు, నీళ్లు తేటగా అడుగు కనిపిస్తుంటేనే. బురద రంగు వచ్చిందంటే పైన వాన పడినట్టు, గట్టెక్కాలి. ప్రతి అడుగుకీ ముందు కర్ర, తర్వాత కాలు.

పాములకు కూడా కర్రే పనికొస్తుంది. గడ్డిలో కర్రతో కొడుతూ, గట్టిగా అడుగులు వేస్తూ పోతే ఎక్కువ పాములు తప్పుకుంటాయి. రాయి ఎత్తాలనుకుంటే అవతలి అంచు పట్టుకుని మన వైపుకు ఎత్తాలి, అప్పుడు కింద తేలున్నా అవతలికే పోతుంది. నాగుపాము, కట్లపాము, రక్తపింజర, చిన్నపింజర బొమ్మలు గోడకు అంటించి ఉంచాను. పాము కరిస్తే గట్టిగా కట్టొద్దు, కోయొద్దు, నోటితో పీల్చొద్దు, మంత్రానికి తీసుకెళ్లొద్దు. గాజులు, ఉంగరాలు తీసి, నడవనీయకుండా మోసుకెళ్లాలి. విషానికి విరుగుడు సూది ఏ దవాఖానలో ఉందో ముందు రోజే ఫోన్ చేసి కనుక్కుంటాను. 108కి సిగ్నల్ ఎక్కడ అందుతుందో కూడా చూసి పెట్టుకుంటాను, మా చేలల్లో కంది చేను మలుపు దాటితే సిగ్నల్ ఉండదు.

ఆ రోజుల్లో మధ్యాహ్నం దాటితే ఉరుములు. అందుకే పొద్దున ఏడున్నరకు బయల్దేరి పదిన్నరకల్లా వచ్చేస్తాం. ఉరుము వినపడితే పూలు ఎక్కడివక్కడ వదిలి పక్కా ఇంట్లోకి వెళ్తాం, చెట్టు కిందికి కాదు. ఆఖరి ఉరుము తర్వాత అరగంట ఆగాలి.

ఎవరెవరు రావాలి

ఇరవై ఆరు మంది పిల్లలకు ఐదుగురు పెద్దవాళ్లం. ఇద్దరు అమ్మలు, ఒక నాయనమ్మ ప్రతి ఏడూ వస్తారు. చేలు నాకంటే వాళ్లకే బాగా తెలుసు. పిల్లలు జంటలు జంటలుగా ఉంటారు, ఈల వేస్తే జంట చేయి పట్టుకుని నిలబడాలి. ఇరవై నిమిషాలకోసారి లెక్క.

ముందుగా అమ్మానాన్నల్ని కూర్చోబెట్టి మాట్లాడతాను. ముళ్లు గుచ్చుకోవచ్చు, మోకాలు చెక్కుకుపోవచ్చు, అది నేను ఆపను అని నేరుగా చెబుతాను. ఏవి ఆపుతానో నల్లబల్ల మీది పటం చూపిస్తాను. ఒప్పుకోనివాళ్లను బలవంతం చేయను. ఆ పిల్లలు బడిలో ఉండి బతుకమ్మకు తాంబాలం, గుమ్మడాకులు సర్దుతారు.

తిరిగొచ్చాక మొదటి పని సబ్బుతో చేతులు, కాళ్లు కడుక్కోవడం. అది అయ్యేదాకా నోట్లో ఏదీ పెట్టనివ్వను, చేలమందు సంగతి నాకు భయమే. ముళ్లు తీసుకున్నాక పటం ముందు కూర్చుంటాం. ఎక్కడ భయం వేసింది, ఏం చేశారు అని ఒక్కొక్కరినీ అడుగుతాను. కిందటేడు మూడో తరగతి పిల్ల లేచి, బావి పక్కన గట్టు కాలి కింద మెత్తగా ఉందని చెప్పింది. అది నేను చూడలేదు. సుద్ద తన చేతికే ఇచ్చాను, అక్కడ ఎర్ర గీత తనే గీసింది. ఆ తర్వాత గునుగు పూలకు రంగులు అద్దడానికి అందరం బాదం చెట్టు కిందికి వెళ్లాం.