సూపర్‌హీరో కామిక్స్: ఏ పుస్తకంతో మొదలుపెట్టాలి?

కొత్తగా చదవాలనుకునేవాళ్లు ముందు మొదటి సంచిక కోసం వెతుకుతారు. చిక్కంతా అక్కడే. సూపర్‌మ్యాన్ 1938లో, బ్యాట్‌మ్యాన్ 1939లో వచ్చారు. అన్నేళ్ల కథంతా వరసగా చదవడం ఎవరి తరమూ కాదు, ఆ అవసరమూ లేదు. పైగా ప్రచురణకర్తలు మధ్యమధ్య నంబర్లు మళ్లీ ఒకటి నుంచి వేస్తుంటారు. అట్ట మీద ‘1’ చూసి కొంటే నడుస్తున్న కథ మధ్యలో పడొచ్చు. మొదలూ ముగింపూ ఉన్న ఒక్క కథ ఎంచుకోండి.

మొదట ‘బ్యాట్‌మ్యాన్: ఇయర్ వన్’ (1987) చదవండి. నాలుగే సంచికలు, ఒక సాయంత్రం చాలు. సగం కథ గోర్డన్ అనే పోలీసు అధికారిది. ఇద్దరి మనసులో మాటలూ వేర్వేరు చేతిరాతల్లో ఉంటాయి. రాత చూసి మాట ఎవరిదో పోల్చుకోండి, లేదంటే తికమకపడతారు.

తర్వాత పన్నెండు సంచికల ‘ఆల్-స్టార్ సూపర్‌మ్యాన్’. దీని మొదటి పేజీ దగ్గర కాసేపు ఆగండి. నాలుగు బొమ్మలు, ఎనిమిదే ఇంగ్లీషు మాటలు: నాశనమవుతున్న గ్రహం, దిక్కుతోచని శాస్త్రవేత్తలు, చివరి ఆశ, దయగల దంపతులు. సూపర్‌మ్యాన్ పుట్టుకంతా అందులోనే చెప్పేశారు. కామిక్స్ చదవడమంటే ఏమిటో ఈ పేజీ నేర్పుతుంది: ఒక్కో గడిలో ముందు మాటలు, వెంటనే బొమ్మ, ఆ తర్వాతే పక్క గడి. బెలూన్లు (పాత్రల మాటలుండే బుడగలు) మాత్రమే చదువుకుంటూ పోతే సగం కథ జారిపోతుంది.

ఇంట్లో టీనేజీ పిల్లలుంటే ‘మిస్ మార్వెల్’ (2014) ఇవ్వండి. జెర్సీ సిటీలో పాకిస్తానీ కుటుంబపు అమ్మాయి కమలా ఖాన్ కథ. రాత్రి పార్టీకి వద్దనే తల్లిదండ్రులు మన ఇళ్లలోనూ ఉన్నారు కాబట్టి ఇట్టే దగ్గరవుతుంది. మొదటి సంపుటి ‘నో నార్మల్’.

‘వాచ్‌మెన్’ గొప్పదే, కానీ మొదటి పుస్తకంగా వద్దు. సూపర్‌హీరో కథల అలవాట్లనే అది ప్రశ్నిస్తుంది. ఆ అలవాట్లు తెలియనివాళ్లకు ఆ ప్రశ్నల పదును అందదు. ‘క్రైసిస్’ లాంటి భారీ ఈవెంట్లూ (చాలామంది హీరోలు ఒకే కథలో కలిసేవి) అంతే, పాత పాత్రలు తెలిస్తే తప్ప రుచించవు.

కొనేముందు వెనక అట్టనో లోపలి కాపీరైట్ పేజీనో చూస్తే ఆ పుస్తకంలో ఏయే సంచికలు కలిపారో ఉంటుంది. ఫోన్‌లో గడి గడిగా చూపించే పద్ధతి వాడుతుంటే, ముందు పేజీ మొత్తం ఒకసారి చూడండి. చిత్రకారుడు పేజీని ఒక్క బొమ్మలా కూర్చి ఉంటాడు, ముక్కలు చేస్తే అది కనబడదు. పది అంగుళాల టాబ్లెట్ అయితే ఈ బాధ ఉండదు.