హెచ్‌ఐవీ ఉన్నవారికి మూత్రంలో ఇన్ఫెక్షన్: కల్చర్ పరీక్ష చేయించుకోవడం, రిపోర్టును అర్థం చేసుకోవడం

మూత్రవిసర్జనలో మంట, మాటిమాటికీ వెళ్లాలనిపించడం, పొత్తికడుపులో నొప్పి మొదలవగానే పాత చీటీ చూపించి ఏదో ఒక యాంటీబయాటిక్ తెచ్చుకుని వేసుకోవడం ఎవరికీ మంచిది కాదు. హెచ్‌ఐవీతో జీవిస్తున్నవారికి మరీ ప్రమాదం. వారిలో చాలామంది, ముఖ్యంగా రక్తంలో సీడీ4 అనే రోగనిరోధక కణాల సంఖ్య 200 కంటే తగ్గినవారు, న్యుమోసిస్టిస్ న్యుమోనియా అనే ఊపిరితిత్తుల జబ్బు రాకుండా రోజూ కోట్రైమాక్సజోల్ అనే యాంటీబయాటిక్ వాడుతుంటారు. నెలల తరబడి ఆ మందు వాడుతున్నప్పుడు పేగుల్లోని ఈ.కోలై వంటి బ్యాక్టీరియాలో దానికి లొంగే రకాలు నశించి, లొంగనివి పెరుగుతాయి. మూత్రనాళంలోకి చేరి ఇన్ఫెక్షన్ తెచ్చేవి చాలావరకు ఆ పేగుల్లోని బ్యాక్టీరియాయే గనుక, ఏ మందు పనిచేస్తుందో కల్చర్‌తోనే, అంటే మూత్రంలోని బ్యాక్టీరియాను ల్యాబులో పెంచి అది ఏ మందులకు లొంగుతుందో చూసే పరీక్షతోనే తేల్చుకోవాలి.

కల్చర్‌కు మూత్రాన్ని యాంటీబయాటిక్ మొదటి మోతాదుకు ముందే ఇవ్వాలి. మందు పడిన తరువాత ఇస్తే బ్యాక్టీరియా ఉన్నా ల్యాబులో పెరగకపోవచ్చు. చేతులు సబ్బుతో కడుక్కుని, మూత్రద్వారం చుట్టూ శుభ్రం చేసుకుని, మొదటి ధారను వదిలేసి, మధ్యలో వచ్చే మూత్రాన్ని ల్యాబు వారిచ్చిన స్టెరైల్ డబ్బాలో పట్టాలి. డబ్బా అంచుకు గానీ మూత లోపలి వైపుకు గానీ వేలు తగలనివ్వకూడదు. రెండు గంటల్లోపు ల్యాబుకు చేర్చాలి. వీలు కాకపోతే ఫ్రిజ్‌లో ఉంచి 24 గంటల్లోపు ఇవ్వాలి. బయట ఉంచేస్తే చర్మం మీది నుంచి పడిన కొద్దిపాటి బ్యాక్టీరియా కూడా పెరిగిపోయి రిపోర్టు తప్పుదారి పట్టిస్తుంది.

ఫలితానికి సాధారణంగా రెండు మూడు రోజులు పడుతుంది. ఈలోగా వైద్యులు ఒక మందు మొదలుపెట్టవచ్చు గనుక, కోట్రైమాక్సజోల్ వాడుతున్న సంగతి, ఇటీవల వాడిన యాంటీబయాటిక్‌లు, ఆసుపత్రిలో చేరి ఉంటే ఆ వివరం, హెచ్‌ఐవీకి వాడే ఏఆర్‌టీ మందుల పేర్లు దాచకుండా చెప్పాలి. చలిజ్వరం, నడుము పక్కన నొప్పి, వాంతులు, మగతగా లేదా అయోమయంగా ఉండటం వంటివి కనిపిస్తే ఫలితం కోసం ఆగకుండా వెంటనే ఆసుపత్రికి వెళ్లాలి.

రిపోర్టులో మందు పేరు ఎదురుగా ఎస్ అని ఉంటే ఆ బ్యాక్టీరియా దానికి లొంగుతుందనీ, ఆర్ అని ఉంటే లొంగదనీ అర్థం. ఎస్ ఉన్న మందులన్నీ అందరికీ సరిపడవు: నైట్రోఫ్యురాంటోయిన్ మూత్రాశయానికే తప్ప కిడ్నీకి పాకిన ఇన్ఫెక్షన్‌కు పనికిరాదు. అన్నిటికన్నా నేను గట్టిగా చెప్పదలచింది, కోట్రైమాక్సజోల్ ఎదురుగా ఆర్ కనిపించినంత మాత్రాన రోజూ వేసుకునే ఆ మాత్రను సొంతంగా మానేయకూడదు. ఆ రిపోర్టు మూత్రంలోని బ్యాక్టీరియాకు మాత్రమే వర్తిస్తుంది. ఊపిరితిత్తులకు ఆ మాత్ర ఇచ్చే రక్షణ అలాగే ఉంటుంది.

ఏ బాధా లేనప్పుడు కల్చర్‌లో బ్యాక్టీరియా కనిపిస్తే, గర్భిణులకు, మూత్రనాళానికి శస్త్రచికిత్స వంటివి జరగబోయేవారికి తప్ప, సాధారణంగా చికిత్స అవసరం లేదు. అనవసరంగా వాడిన ప్రతి కోర్సూ లొంగని బ్యాక్టీరియానే పెంచుతుంది. దీనికి భిన్నంగా, మూత్రంలో చీము కణాలు పదేపదే కనిపిస్తూ కల్చర్‌లో ఏమీ పెరగకపోతే, లైంగికంగా సోకే ఇన్ఫెక్షన్లకూ మూత్రనాళ క్షయకూ పరీక్షలు చేయమని అడగాలి. క్షయ అనుమానం తేలకముందే సిప్రోఫ్లాక్సాసిన్, లీవోఫ్లాక్సాసిన్ వంటి యాంటీబయాటిక్‌లు వాడితే లక్షణాలు కొంత తగ్గినట్టు కనిపించి అసలు జబ్బు బయటపడటం ఆలస్యమవుతుంది.