వేట సీజన్ మొదలయ్యే ముందు షార్ట్‌హెయిర్ కుక్క విషయంలో జాగ్రత్తలు

జర్మన్ షార్ట్‌హెయిర్డ్ పాయింటర్ ఒక్క పనికే పరిమితమైన కుక్క కాదు. పక్షి వాసన తగలగానే కదలకుండా నిలబడి చూపిస్తుంది, నీళ్లలోకి దూకుతుంది, పడిన పక్షిని తెచ్చిస్తుంది, గాయపడిన జంతువు జాడ కూడా పడుతుంది. పనితనం చూసి జత కలుపుతూ వచ్చిన వంశంలో పుట్టిన కుక్కకి ఇంకో గుణం కూడా వస్తుంది: అలసట ఒప్పుకోదు. అది ఆగదు కాబట్టి ఆపాల్సింది మీరే.

అన్నిటికంటే ముందు ఎండ సంగతి. సీజన్ తొలి రోజుల్లో ఇంకా వేడి తగ్గదు, కుక్క ఒంట్లో వేసవి కొవ్వు కరగదు. అందుకే కొన్ని వారాల ముందునుంచే రోజూ కొంచెం కొంచెంగా పరుగు పెంచండి. నాలుక వెడల్పుగా వేలాడుతున్నా, తూలుతున్నా, పిలిస్తే పలకకపోయినా పని అక్కడితో ఆపేయాలి. ఒంటి వేడి 41 డిగ్రీల సెల్సియస్ దాటితే ప్రాణం మీదికొస్తుంది. వెంటనే ఒళ్లంతా నీళ్లు పోసి, గాలి తగలనిచ్చి, ఆ తర్వాతే డాక్టర్ దగ్గరికి బయల్దేరండి.

ఛాతీ లోతుగా ఉండే జాతి ఇది, కడుపు ఉబ్బి మెలిపడే ప్రమాదం ఉంది. కడుపు నిండా పెట్టి పనికి దించొద్దు. పెద్ద భోజనం సాయంత్రం, బాగా విశ్రాంతి తీసుకున్నాకే.

తొలి సీజన్ కుక్క అయితే తుపాకీ శబ్దం దగ్గరే ఎక్కువమంది చెడగొడతారు. అలవాటవుతుందిలే అని కాల్పుల మైదానానికి తీసుకెళ్లడం నా దృష్టిలో పచ్చి మూర్ఖత్వం. కుక్క పక్షి వెంట ఉత్సాహంగా పరిగెడుతున్నప్పుడు, చాలా దూరంలో, చిన్న శబ్దంతో మొదలుపెట్టాలి. అది పట్టించుకోవడం లేదని తేలాకే ఒక్కో అడుగు దగ్గరికి రావాలి. ఒకసారి బెదిరితే ఎంత గొప్ప వంశమైనా కాపాడదు.

పెడిగ్రీ కాగితాన్ని, అంటే కుక్క వంశావళి పత్రాన్ని చూసి ధీమా పడేవాళ్లకి ఒక మాట. జర్మనీలో ఈ జాతికి వసంతంలో డెర్బీ, శరదృతువులో జోల్మ్స్ అనే పరీక్షలు పెడతారు. తల్లిదండ్రులు వాటిలో నెగ్గితే ముక్కు, వెతుకులాట, పాయింట్ చేసే (కదలకుండా నిలబడి పక్షిని చూపించే) నేర్పు పిల్లకి వచ్చే అవకాశం బాగా పెరుగుతుంది. మాట వినడం మాత్రం రక్తంలో రాదు, మీరు నేర్పాలి. సీజన్‌కి ముందే 'ఆగు', 'రా' అనే రెండు ఆదేశాలు ఎంత దూరం నుంచి పనిచేస్తున్నాయో పరీక్షించుకోండి.

ఈ జాతిలో రక్తం సరిగా గడ్డకట్టని వాన్ విల్లెబ్రాండ్ జబ్బు కొన్ని వంశాల్లో ఉంది. ముళ్లకంచె గీరుకోవడం వేటలో మామూలే కాబట్టి జన్యు పరీక్ష ముందే చేయించడం మేలు.

మెడకి నారింజ రంగు పట్టీ కట్టండి. తక్కువ ఎత్తులో ఎగిరే పక్షిని కాల్చొద్దని తోటివాళ్లందరికీ ముందే చెప్పండి, కుక్క గాల్లోకి ఎగిరి అందుకోబోతుంది. ఇంటికొచ్చాక చెవులు, కళ్లు, కాలివేళ్ల సందులు వెతకండి. గడ్డి ముళ్లు చర్మంలోకి దిగితే వెనక్కి రావు, లోపలికే పోతాయి.