పెటూనియా విత్తనాల నుంచి పెంచడం ఎలా? (పైన మట్టి కప్పొద్దు!)

సెప్టెంబర్ వచ్చిందంటే చాలు, గార్డెనింగ్ గ్రూపుల్లో ఒకటే గోల, "పెటూనియా విత్తనాలు ఒక్కటీ మొలవలేదండీ, ప్యాకెట్ నకిలీది" అని. ప్యాకెట్ తప్పు చాలావరకు కాదండీ, బంతి గింజలు వేసినట్టు మట్టిలో పూడ్చేసి పైన మగ్గుతో నీళ్లు పోస్తే ఎలా మొలుస్తాయి చెప్పండి.

మన దగ్గర ఇది చలికాలం పువ్వు. సెప్టెంబర్ చివర్లో, లేదా అక్టోబర్‌లో వేసేయండి, పూతకి రెండున్నర మూడు నెలలు పడుతుంది. కోస్తా వాళ్లు అక్టోబర్ వానలు పడని చోట, వరండాలోనో షెడ్డు కిందో పెట్టుకోండి. వేసవిలో మాత్రం విత్తొద్దు.

కావాల్సినవి పెద్దగా ఏం లేవు. కోకోపీట్ (కొబ్బరి పీచు పొట్టు) రెండు వంతులు, జల్లించిన వర్మీకంపోస్ట్ ఒక వంతు. కోకోపీట్ ఇటుకని నానబెట్టి రెండు మూడు సార్లు కడిగి పిండండి, అందులో ఉప్పు ఉంటుంది. తోట మట్టి అస్సలు వద్దు, పైన పెచ్చు కట్టేస్తుంది. ప్రోట్రేలు (నారు పెంచే గుంతల ట్రేలు) కొనక్కర్లేదు, మూత పారదర్శకంగా ఉండే స్వీట్ షాపు ప్లాస్టిక్ డబ్బా చాలు, అడుగున చిల్లులు పెట్టండి, మూతలోంచి వెలుతురు పోతుంది కదా, అదే మనకి కావాల్సింది.

ఇప్పుడు అసలు పని, ఇక్కడ తొందరపడకండి. ఈ విత్తనం ఎంత సన్నమంటే గ్రాముకి దాదాపు 10,000 ఉంటాయి, దానిలో దాచుకున్న ఆహారం చాలా తక్కువ కాబట్టి లోతు నుంచి పైకి రాలేదు, పైగా మొలవడానికి వెలుతురు కావాలి. అందుకే పైన ఏమీ కప్పకూడదు, పల్చగా కూడా వద్దు, "కొంచెం కోకోపీట్ చల్లితే ఏమవుతుంది" అని అడిగేవాళ్లకి కూడా అదే సమాధానం.

ముందు డబ్బాలో మిశ్రమం నింపి చదును చేసి, నీళ్లున్న పళ్లెంలో పెట్టండి, అడుగు నుంచి పీల్చుకుని పైదాకా తడవాలి. తర్వాత విత్తనాల్ని చిటికెడు పొడి ఇసుకలో కలిపి, మడిచిన కాగితం మీద వేసి వేలితో తడుతూ అంతటా రాలేలా చల్లండి. అరచేత్తో మెల్లగా ఒత్తండి, అంతే. మూత పెట్టి నేరుగా ఎండ తగలని వెలుతురు చోట ఉంచండి, రోజూ ఒకసారి మూత తీసి గాలి ఆడనివ్వండి. పై నుంచి నీళ్లు పోయకండి, ఒక్క మగ్గుతో విత్తనాలన్నీ ఒక మూలకి కొట్టుకుపోతాయి. తడి తగ్గితే మళ్లీ పళ్లెంలోనే పెట్టండి. పైన పొర పూసి గుండ్రంగా చేసి అమ్మే (పెల్లెటెడ్) విత్తనాలైతే ఆ పొర కరగడానికి స్ప్రేతో సన్నగా తడపండి, వాటినీ కప్పకూడదు.

వారం పది రోజుల్లో పచ్చటి చుక్కల్లా కనిపిస్తాయి. ఎక్కువ మొలకలు కనిపించగానే మూత తీసేయాలి. ముద్దుగా ఉన్నాయని ఇంకో రెండు రోజులు మూసి ఉంచితే మొదలు దగ్గర కుళ్లి రాత్రికి రాత్రే వాలిపోతాయి, ఈ నారుకుళ్లు పట్టాక మందులు వెతకడం దండగ, గాలి, వెలుతురు, తక్కువ తడి, ముందే ఇవి చూసుకోవాలి.

కడియం నుంచి వచ్చే పూల మొక్కలు నర్సరీలో దొరుకుతుంటే ఈ గొడవంతా ఎందుకు అంటారు. పూతతో ఉన్న మొక్క కొంటే అది చాలాసార్లు కవర్లోనే ఒంటి కాడగా సాగిపోయి ఉంటుంది, మన నారు అయితే చిన్నప్పుడే చిగురు గిల్లి గుబురుగా చేసుకోవచ్చు. నా లెక్కలో అదే పెటూనియా, మిగతాదంతా కాడలే.

నాలుగైదు ఆకులొచ్చాక చిన్న కప్పుల్లోకి, ఆ తర్వాత కుండీలోకి మార్చండి. ఆకు పట్టుకుని ఎత్తాలి, కాడ పట్టుకుంటే నలిగిపోతుంది. అరచేయంత ఎత్తులో చిగురు గిల్లండి, అక్కణ్ణుంచి రోజుకి ఐదారు గంటల ఎండ పడాలి.

పూత మొదలయ్యాక వాడిన పువ్వు రేకులు మాత్రమే లాగకండి, కింద కాయతో సహా తీసేయాలి, లేకపోతే మొక్క విత్తనం కట్టడంలో పడి పూయడం తగ్గిస్తుంది. ఆ విత్తనాలు దాచుకుందాం అనుకోకండి, హైబ్రిడ్ రకాల్లో మళ్లీ అదే రంగు, అదే సైజు రావు, వచ్చే ఏడాదికి కొత్త ప్యాకెట్ కొనుక్కోండి.