పెరటి గోలెంలో కలువలు, గప్పీలు: ఏవి తెచ్చుకోవాలి?

చేపల దుకాణానికి పోయే ముందు, ఒక ఆదివారం ఇంట్లో ఉండి పెరట్లో ఎండ ఎంతసేపు నిలుస్తుందో చూడండి. కలువకు కనీసం ఐదు గంటల ఎండ తగలాలి, తామరకు ఇంకాస్త ఎక్కువ. రెండిళ్ల మధ్య సందులో తామర దుంప పెడితే ఆకులే మిగులుతాయి.

మొదటిసారికి 200 లీటర్ల గోలెం చాలు. కొత్త సిమెంటుదైతే వారం పది రోజులు నీళ్లు నింపుతూ పారబోస్తూ ఉండాలి. సున్నం దిగిపోకముందే చేపల్ని వదిలితే బతకవు.

కలువను వెడల్పాటి కుండీలో నల్లమట్టి పోసి నాటండి. నర్సరీలో కోకోపీట్ (కొబ్బరి పొట్టు) కలిపి ఇచ్చే మట్టి వద్దు. నేను అదే వాడాను. తెల్లారేసరికి పొట్టంతా పైకి తేలి, నీళ్లు డికాషన్ రంగుకు తిరిగాయి. దుంప మొలక మట్టిపైకి కనబడాలి, చుట్టూ గుప్పెడు ఇసుక పరవాలి. మొదట కుండీ కింద ఇటుకలు పెట్టి, మొలక మీద నాలుగు వేళ్ల నీళ్లుండేలా చూడండి. ఆకులు ఎదిగేకొద్దీ ఒక్కో ఇటుకా తీసేయండి.

నీడకు నాలుగైదు అంతరతామరలు (నీళ్లపై తేలే మొక్కలు) వేస్తే చాలు. సగానికి మించి కమ్ముకుంటే తీసి ఎరువుగుంతలో పడేయండి. గుర్రపుడెక్క మాత్రం ఊరికే ఇచ్చినా తీసుకోకండి. హుస్సేన్‌సాగర్‌లో దాన్ని తోడి పోయడం చూస్తూనే ఉన్నాం కదా!

చేపలు రెండు మూడు వారాల తర్వాతే. బోరు నీళ్లు గట్టివైనా గప్పీలు, మోలీలు తట్టుకుంటాయి. నల్లా నీళ్లైతే క్లోరిన్ పోవడానికి ఒకటి రెండు రోజులు బకెట్లలో మూత లేకుండా ఉంచాలి. గోల్డ్‌ఫిష్ వేళ్లు పెకలిస్తుంది, నీళ్లు పాడుచేస్తుంది. మే నెల ఎండకు నీళ్లు వేడెక్కి ప్రాణవాయువు తగ్గితే ముందు ఇబ్బంది పడేదీ అదే. కోయి రెండడుగులు పెరిగే చేప, గోలెంలో పెట్టడం పాపం. దోమల కోసమని గంబూసియా చేపను తెస్తే గప్పీల తోకలు కొరుకుతుంది. దోమ లార్వాను గప్పీలూ తింటాయి. ఎనిమిది చాలు, మిగతావి అవే కంటాయి.

సాయంత్రం పూట చేపలున్న కవరును పావుగంట నీళ్లపై తేలనిచ్చి, కొద్దికొద్దిగా గోలెం నీళ్లు కలిపి వదలండి. మేత రెండు నిమిషాల్లో అయిపోయేంతే వేయాలి. వారం తర్వాత కూడా లార్వా గిలగిలలాడుతుంటే, మేత ఎక్కువవుతోందేమో చూసుకోండి.